కుట్టుమిషను చప్పుడుకి పుట్టిన కొంగ

రేడియో పిన్నికి ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఎందుకు పెట్టారో వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. పొద్దున్నే దుకాణం షట్టరు ఎత్తుతూ మొదలుపెట్టిన మాట సాయంత్రం షట్టరు దించేటప్పటికి కూడా సగంలోనే ఉండేది. ఆవిడ దర్జీ. చొక్కాకి కొలతలివ్వడానికి వచ్చినవాడు కొలతలతో పాటు తన ఇంటి సంగతులన్నీ ఇచ్చేసి, పక్కింటి సంగతులన్నీ మోసుకుని వెళ్లేవాడు. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని కూడా ఒక్క అక్షరం తడబడకుండా మాట్లాడడం ఆవిడకే చెల్లింది. నోట్లో నువ్వుగింజ నానదనేది మామూలు మనుషుల గురించి అనే మాట. పిన్ని నోట్లోకి ఆ గింజ దూరడానికి సందే ఉండేది కాదు.

పిన్ని మొగుడు, అంటే వీధికంతటికీ బాబాయి, పక్కనే షెడ్డులో మోటార్లు బాగుచేసేవాడు. ఆయన రోజంతా మాట్లాడేదంతా పోగేసినా పిన్ని ఒక్క ఊపిరికి చాలదు. “ఊఁ” అంటాడు. కోపమొస్తే “ఊఁ ఊఁ” అంటాడు. అత్తగారు మాత్రం కోడలికి తగ్గ మనిషే. దుకాణం మూల స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతూ, కోడలు చెప్పే ప్రతి కబురుకీ ఒక విసురు విసిరేది. ఆ ఇద్దరికీ ఒక్క క్షణం పడదు, ఒకరినొకరు విడిచి ఒక్క పూట ఉండలేరు.

ఇలాంటి పిన్ని నెలల తరబడి నోరు కట్టేసుకుందంటే ఎవరు నమ్ముతారు? అయినా జరిగింది. అదీ ఒక కొంగ కోసం.

ఊరి చివర బస్సులు మలుపు తిరిగే చోటు దాటితే ఒక మడుగు ఉంది. జమ్ము, తుంగ, మోకాలి లోతు నీళ్లు. ఒకప్పుడు అక్కడ బెగ్గురు కొంగలు దిగేవి. గట్ల మీద కనిపించే మామూలు తెల్ల కొంగలు కావవి. మనిషి ఛాతీ దాకా వచ్చే ఎత్తు, బూడిదరంగు ఒళ్లు, నెత్తిన ఎర్రటి మచ్చ, అవతలి ఒడ్డుకి వినిపించే గొంతు. తన చిన్నప్పుడు వాటి గోలకి బళ్లో పాఠం వినపడేది కాదని, అందుకే తనకి చదువు రాలేదని అత్తగారు ఇప్పటికీ చెబుతుంది. తర్వాత మడుగు కొంత పూడ్చి గోదాములు కట్టారు. ఇంకొంత పూడ్చి రోడ్డు వేశారు. మిగిలినదాంట్లో చెత్త పోశారు. కొంగలు మాత్రం ఎన్నాళ్లని సర్దుకుంటాయి? చివరికి గుప్పెడు గూళ్లు మిగిలాయి. ఆ గూళ్లలో గుడ్లు ఒక ఏడు వరదపాలు, ఒక ఏడు కుక్కలపాలు.

అలాంటప్పుడు వచ్చింది పక్షుల డాక్టరమ్మ. సన్నగా, పొట్టిగా, ముక్కు మీద కోపంతో ఉండేది. ఎక్కని ఆఫీసు మెట్టు లేదు, అలా తిరిగి మడుగు పూడ్చడం ఆపించింది. చెత్త ఎత్తించింది. ఒడ్డున రేకుల షెడ్డు వేయించి, మునిగిపోయే గూళ్ల నుంచి గుడ్లు తెచ్చి, వెచ్చటి పెట్టెలో పొదిగించి పిల్లల్ని పెంచింది. వాటిని మనుషులే చేత్తో మేపారు, మనుషులే ముద్దుచేసి మాట్లాడారు. పెద్దయ్యాక మడుగులో వదిలారు. అవి మడుగు మొహం కూడా చూడకుండా మర్నాడే బస్టాపుకి వచ్చి జనంతో పాటు నిలబడ్డాయి. చూసినవాళ్లు నవ్వుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. ఒకటి లారీ కింద పడింది. మిగతావాటిని పట్టుకుని జంతుప్రదర్శనశాలకి పంపేశారు. ఆ రోజు డాక్టరమ్మ బస్టాపు బెంచీ మీద కూర్చుని అందరూ చూస్తుండగానే ఏడ్చింది.

మరుసటి ఏడు గుడ్లు పెట్టే కాలానికి ముందు ఆవిడ పిన్ని దుకాణంలోకి వచ్చింది.

“నాకు కొంగ వేషం కుట్టిపెట్టాలండీ.”

“పాపకి ఎన్నేళ్లండీ? స్కూల్లో ఏదైనా నాటకమా?” అంది పిన్ని టేపు తీస్తూ.

“పాపకి కాదు. నాకే.”

మూల నుంచి అత్తగారు తలెత్తింది. డాక్టరమ్మ అప్పుడు కూర్చుని విడమరిచి చెప్పింది. గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల మొట్టమొదట ఏం చూస్తే, ఏం వింటే అదే అమ్మ అనుకుంటుంది. మనిషిని చూస్తే మనిషి వెంట పడుతుంది, మనిషి వెంట పడ్డది ఎప్పటికీ కొంగ కాలేదు. అందుకని ఇకనుంచి మేపేవాళ్లు నెత్తి నుంచి పాదాల దాకా బూడిదరంగు ముసుగులో ఉండాలి. కుడి చేతి తొడుగు చివర కొంగ తల ఉండాలి. ఆ ముక్కుతోనే పిల్లకి తిండి అందించాలి. మనిషి గొంతు మాత్రం వాటి చెవిన పడకూడదు.

పిన్ని నాలుగు రోజులు కష్టపడి కుట్టింది. డాక్టరమ్మ వేసుకుని అద్దంలో చూసుకుని తెల్లబోయింది. దానికి చక్కగా నడుము దగ్గర కుచ్చులున్నాయి, మెడకి కాలరుంది, లోపలివైపు కుందేలు పట్టేంత జేబుంది.

“కొంగకి నడుమెక్కడుందండీ?”

“కొంగకి లేకపోతే పోనివ్వండి, లోపలుండే మీకుంది కదా.”

“మరి ఈ జేబెందుకు?”

“జేబు లేని బట్ట ఈ దుకాణం గడప దాటదమ్మా. అది మా పద్ధతి.”

కుచ్చులు విప్పింది, కాలరు కోసేసింది. జేబు దగ్గర మాత్రం మొండికేసింది. కుట్టు విప్పితే బట్ట పాడవుతుందని సాకు చెప్పింది గానీ, అసలు సంగతి ఆవిడకి మనసొప్పలేదు. బాబాయి చెక్కతో ముక్కు చెక్కి, బొటనవేలితో నొక్కితే తెరుచుకునేలా స్ప్రింగు బిగించాడు. సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని పిన్ని తొడుగు చేతికి తొడుక్కుని, అత్తగారి ఒళ్లోంచి గుండీలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసింది. మెడ వంచడం, ఆగడం, పక్కకి చూడడం, టక్కున పొడవడం చూసి డాక్టరమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

“మీరు మా దగ్గరికి రాకూడదూ? ముసుగులు జమ్ములో రోజూ చిరుగుతాయి, కుట్టేవాళ్లు కావాలి. పిల్లల్ని మేపడానికి ఇలాంటి చెయ్యీ కావాలి. కానీ ఒక్కటే. షెడ్డు చుట్టూ వేసిన కంచె లోపల ఒక్క మాట మాట్లాడకూడదు.”

అత్తగారు నవ్విన నవ్వుకి సూది కిందపడింది. “మాట్లాడకూడదా! ఈవిడా! అమ్మా డాక్టరమ్మా, కొంగ చేత పద్యం చదివించడం తేలికమ్మా!”

ఆ మాటే లేకపోతే పిన్ని వెళ్లేది కాదేమో. మర్నాడే ఇంట్లో ఉన్న రెండో మిషను రిక్షాలో వేసుకుని మడుగు ఒడ్డు షెడ్డుకి బయల్దేరింది.

మొదట్లో పిన్ని పడ్డ అవస్థ చూడాల్సిందే. మాట పెదాల దాకా వచ్చి మళ్లీ వెనక్కి వెళ్తుంటే మొహం ఎర్రబడేది. చివరికి ఒక ఉపాయం చేసింది. కంచె తలుపు దగ్గర ఒక పెద్ద కోటు గుండీ తీసి పళ్ల మధ్య పెట్టుకునేది. బయటికొచ్చి గుండీ ఉమ్మిన మరుక్షణం నుంచి ఇల్లు చేరేదాకా దారిలో కనిపించినవాళ్లందరి చెవులూ గింగుర్లెత్తేవి. బాబాయి మాత్రం ఆ సాయంత్రాలు తన షెడ్డు తలుపు దగ్గరే నిలబడి ఎదురుచూసేవాడు. పగలంతా వీధి బోసిపోయిందని ఒకరోజు నోరు తెరిచి అన్నాడు కూడా. పెళ్లయ్యాక ఆయన అంత పొడుగు మాట మాట్లాడడం అదే మొదటిసారి అని పిన్ని మురిసిపోయింది.

ఆ ఏడు మూడు గుడ్లు దొరికాయి. పొదిగే గదికీ పిన్ని మిషను గదికీ మధ్య ఒక చెక్క గోడ. పొదిగే పెట్టెలో చిన్న స్పీకరు పెట్టి తల్లి కొంగ గొంతు రికార్డు వినిపించేవారు, గుడ్డులో ఉండగానే పిల్లకి చెవులు పనిచేస్తాయి కాబట్టి. రెండు గుడ్లు వెంటవెంటనే చిట్లి పిల్లలొచ్చాయి. మూడోది ఆలస్యం చేసింది. ఒక మధ్యాహ్నం దాని పెంకు మీద సన్నటి చీలిక కనిపించిందో లేదో, కరెంటు పోయింది.

డాక్టరమ్మ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. వేడినీళ్ల సీసాలు గుడ్డల్లో చుట్టి గుడ్డు చుట్టూ పేర్చింది. స్పీకరు మూగబోయింది. పిన్నిని లోపలికి రావద్దని సైగ చేసింది. పిన్ని గుండీ పళ్ల మధ్య బిగించి తన గదిలో కూర్చుంది. లోపల పిల్ల బతుకుతుందో లేదో తెలియదు, అడగడానికి నోరు లేదు. ఆ కంగారులో మిషను ముందుకి జరిగి చిరిగిన ముసుగులు కుట్టడం మొదలుపెట్టింది. కుట్టిందే మళ్లీ కుట్టింది. తొక్కుడు మిషనుకి కరెంటుతో పనేముంది? టకటక టకటక టకటక. సాయంత్రం డాక్టరమ్మ తలుపు తీసి, తడిసిన జుట్టుతో, నవ్వుతూ బొటనవేలు చూపించేదాకా ఆ చప్పుడు ఆగలేదు.

పిల్ల పుట్టింది. గుప్పెడంత, మసిరంగు నూగుతో, మోకాళ్లు తప్ప ఇంకేం లేనట్టుగా ఉంది. పిన్ని దాన్ని ముసుగులోంచి చూసి గుండీ మింగినంత పని చేసింది. “నా చిట్టీ” అని లోపలే అనుకుంది. ఆ పేరే నిలిచింది.

నెత్తురు చుక్క పరీక్షకి పంపితే మొదటి రెండూ మగవని, చిట్టి ఒక్కటే ఆడదని తేలింది. మడుగులో మిగిలిన అడవి గుంపులో ఆడవి మరీ తక్కువ. కొత్త గూడు కట్టాలంటే చిట్టి లాంటిది కావాలి. డాక్టరమ్మకి ప్రాణమంతా ఇక దాని మీదే.

కానీ చిట్టి దారికి రాలేదు. మిగతా రెండూ ముసుగు మనిషి వెనక బుద్ధిగా నీళ్లలోకి నడిచేవి. ముక్కుతో బురద ఎలా కెలకాలో, పురుగుని ఎలా పట్టాలో నేర్చుకున్నాయి. చిట్టి రెండడుగులు వేసి వెనక్కి పరుగెత్తేది. తిన్నగా వెళ్లి చెక్క గోడకి ఆనుకుని కూర్చునేది. రికార్డులో తల్లి గొంతు పెడితే దానికి పట్టేది కాదు. జబ్బేమోనని మందులు వేశారు. ఒకరోజు గోడకి అవతల పిన్ని తొడుగు చిరుగు కుట్టడానికి మిషను మీద కాలు వేసింది. టకటక వినగానే చిట్టి ఎగిరి లేచి, రెక్కలింకా రాని భుజాలు ఆడిస్తూ, కీచుకీచుమని గోడ పొడవునా పరుగులు పెట్టింది. మిషను ఆగితే ఆగింది. మళ్లీ తొక్కితే మళ్లీ గంతులు.

డాక్టరమ్మ గోడ ఇవతలికి వచ్చి మిషను వైపు చూసింది, పిన్ని వైపు చూసింది. పిన్నికి విషయం అర్థమై మిషను మీదనుంచి కాలు తీసేసింది.

బయట కంచె దాటాక పిన్ని గుండీ ఉమ్మేసి భోరుమంది. “నా నోరు కట్టేసుకున్నాను గానీ కాళ్లు కట్టేసుకోలేదమ్మా! పిల్లకి మిషనే అమ్మయిపోయింది. నా పాపం!”

“ఏడవకండి, నాకింకా చిరాకొస్తుంది,” అంది డాక్టరమ్మ. కాసేపు కోపంగా అటూ ఇటూ తిరిగింది. “తప్పు నాది కూడా. ఆ గోడ చెక్కతో కట్టించింది నేనే. ఇప్పుడది దేని వెంట వస్తుందో మనకి తెలిసింది. ఆ మిషనునే నీళ్లలోకి తీసుకెళ్తే?”

“మిషనునా? మడుగులోకా?”

“మీరు తొక్కకుండా నడిచే మిషను ఉంటుందా?”

ఆ సాయంత్రం బాబాయి మిషను బల్ల నుంచి తల విప్పి, చక్రానికి చేతిపిడి బిగించాడు. ఇప్పుడది తొక్కక్కర్లేదు, చేత్తో తిప్పితే చాలు. అయితే ఆ ఇనప ముద్దని ముసుగు లోపల దేంట్లో పెట్టాలి? పిన్ని తన ముసుగు తిప్పి, డాక్టరమ్మ దానికి విప్పనని మొండికేసినట్టే దీనికీ ఉంచిన జేబు చూపించింది. దాన్ని పెద్దది చేసి, మందపాటి గుడ్డతో ఇంకో పొర వేసి, పట్టీ మెడకి తగిలించుకుంది. డాక్టరమ్మ నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది.

అలా మొదలైంది. రోజూ పొద్దున్నే పిన్ని ముసుగు వేసుకుని, మెడలో మిషను వేలాడదీసుకుని, ఎడమ చేత్తో పిడి తిప్పుతూ, కుడి చేతి కొంగ తలతో దారి చూపిస్తూ బురదలోకి దిగేది. టకటక టకటక. వెనకాలే చిట్టి. తనకి కావాల్సిన అమ్మ నడిచి వస్తున్నట్టు తల ఊపుకుంటూ వచ్చేది. మెడ నరాలు పట్టేసేవి, భుజం మీద పట్టీ కోసుకుపోయి చర్మం లేచిపోయేది. ఇంటికెళ్లి నూనె రాయించుకుంటూ పిన్ని ఒక్కసారి కూడా మానేస్తానని అనలేదు. అత్తగారే అంది, “ఎందుకే నీకీ అవస్థ? నా కొడుకుని కూడా ఇంత ముద్దుగా నడిపించలేదు నువ్వు.”

“మీ అబ్బాయి నడిపించక్కర్లేదత్తయ్యా, ఆయన ఉన్నచోట ఉంటాడు,” అంది పిన్ని నొప్పితో మూలుగుతూనే.

చిట్టి నీళ్లు నేర్చింది. గడ్డిపాముని పట్టడం నేర్చింది, పట్టి మింగలేక వదిలేసి, మర్నాడు మింగడం నేర్చింది. నూగు పోయి బూడిదరంగు ఈకలొచ్చాయి. ఇక మిషను మాన్పించాలి. డాక్టరమ్మ చిన్న స్పీకరు కూడా పిన్ని జేబులో పెట్టింది. మిషను చప్పుడుతో పాటు తల్లి కొంగ గొంతు. వారాలు గడిచేకొద్దీ బాబాయి మిషనులో ఒకచోట గుడ్డ, ఒకచోట తోలుముక్క దూర్చి చప్పుడు మెత్తబరుస్తూ వచ్చాడు. కొంగ గొంతు పెద్దదవుతూ వచ్చింది. తీరా కొన్నాళ్లకి, దూరంగా అడవి గుంపు దిగి కూసిన ఒక పొద్దున, పిన్ని పిడి తిప్పింది. చిట్టి వెనక్కి చూడలేదు. మెడ నిటారుగా పెట్టి ఒళ్లంతా చెవులు చేసుకుని ఆ కూత వింటోంది. పిన్ని ఇంకోసారి తిప్పింది. చూడలేదు. పిన్ని చెయ్యి పిడి మీదనుంచి తీసేసి, ముసుగులో కన్నీళ్లు తుడుచుకునే వీలు లేక అలాగే కార్చుకుంటూ నిలబడింది. ఆ రోజు తర్వాత మిషను మళ్లీ బల్ల ఎక్కింది.

రెక్కలు గట్టిపడ్డాయి. కంచె మీద వల తీసేశారు. మూడూ ఎగిరి మడుగు మధ్యకి వెళ్లి, చీకటి పడే ముందు వచ్చేవి. పోనుపోను రావడం తగ్గించి అడవి గుంపు పక్కనే నిలబడసాగాయి. ఇక మిగిలింది పరీక్ష.

మొదటి ఏడు బస్టాపు గోల తర్వాత పెద్ద ఆఫీసువాళ్లు పెట్టిన షరతు అది. వదిలిన ప్రతి కొంగ వైపూ ఒక మనిషి మామూలు బట్టల్లో, గట్టిగా మాట్లాడుతూ నడవాలి. చేతులు ఆడించకూడదు, అదిలించకూడదు. కొంగ పారిపోతే అది అడవిది. నిలబడితే, లేదా దగ్గరికొస్తే, దాన్ని పట్టి జంతుప్రదర్శనశాలకి పంపెయ్యాలి, బతికినంతకాలం బోనే. అలా పట్టి పంపడానికి పెట్టె కూడా ముందే వచ్చి షెడ్డు పక్కన కూర్చుంది. మగ కొంగలు రెండింటి పరీక్ష కాపలా మనిషి చేశాడు. అవి అంత దూరం నుంచే లేచిపోయాయి.

“చిట్టి వైపు మీరు నడవాలి,” అంది డాక్టరమ్మ.

పిన్ని మొహం పాలిపోయింది. “నేనా? ఎందుకమ్మా? ఆ కాపలా అబ్బాయే వెళ్తాడుగా.”

“దాని చెవికి ఏ మనిషి అడుగైనా అలవాటై ఉంటే అది మీదే. మీ నడక తెలుసు, మీ ఒంటి వాసన తెలిసుండొచ్చు. మిమ్మల్ని చూసి పారిపోతే లోకంలో ఏ మనిషినైనా చూసి పారిపోతుంది. మీరు కాకుండా ఇంకెవరు నడిచినా నాకు నమ్మకం కుదరదు.”

ఇంటికెళ్లాక పిన్నికి అన్నం సయించలేదు. మనసులో ఉన్నది అత్తగారి ముందు కక్కేసింది. “అది నన్ను చూసి పారిపోవాలి అత్తయ్యా. నాకు తెలుసు. కానీ దిక్కుమాలిన మనసు, ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే బాగుండునంటోంది. పుట్టినప్పటినుంచి దానితో ఒక్క మాట మాట్లాడలేదు. రేపు మాట్లాడేది తరమడానికా?” అత్తగారు ఎప్పటిలా విసురు విసరలేదు. కంచం ముందుకి జరిపి, “తిను ముందు. రేపు నడవాలి,” అంది.

మర్నాడు పొద్దున్న మడుగు ఒడ్డున డాక్టరమ్మ దుర్భిణి పట్టుకుని నిలబడింది. పక్కన బాబాయి. ఆ రోజు తన మోటార్ల షెడ్డు మూసేసి మరీ వచ్చాడు. చిట్టి జమ్ము అంచున నీళ్లలో ఒంటరిగా మేస్తోంది. గుంపు కాస్త అవతల ఉంది. పిన్ని రోజూ కట్టుకునే బట్టలే కట్టుకుని, ముసుగు లేని మొహంతో, నోట్లో గుండీ లేకుండా నీళ్లలోకి దిగింది. గాలి వెనకనుంచి వీస్తోంది.

మాట్లాడాలి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పిన్నికి ఏం మాట్లాడాలో తోచలేదు. నాలుగడుగులు వేశాక ఎలాగో నోరు పెగిలింది.

“ఏమ్మా, తిన్నావా?”

చిట్టి తల ఎత్తింది.

ఇక ఆనకట్ట తెగింది. “ఏం తిన్నావు? ఆ పక్క తుంగలో చేపలున్నాయి చూశావా? ఆ రెండో మొద్దు వెధవ నీ నోటికాడిది లాక్కుంటే ఊరుకుంటావేం, ఒక్క పోటు పొడవలేవూ? నువ్వు గుడ్డులో ఉన్నప్పుడు కరెంటు పోయింది తెలుసా? ఆ రోజు నేను ఎంత భయపడ్డానో నీకు తెలియదు. నా మెడ చూడు, ఇంకా మచ్చ పోలేదు. నిన్ను చిట్టీ అంటారు. నేనే పెట్టాను ఆ పేరు. నీతో ఎన్ని చెప్పాలనుకున్నానో…” గొంతు మడుగంతా మోగిపోతోంది. అడుగు వెనక అడుగు, చేతులు ఒంటికి అంటించుకుని, తిన్నగా నడుస్తోంది.

చిట్టి కదల్లేదు. ఎర్ర మచ్చ ఇంకా రాని తల పక్కకి తిప్పి ఒక కంటితో చూసింది. పిన్ని దగ్గరవుతోంది. ఇంకాస్త. ఒడ్డున డాక్టరమ్మ దుర్భిణి దించేసింది, చూడలేక.

అప్పుడు చిట్టి పిన్ని వైపు తిరిగింది. ఒక అడుగు వేసింది. రెండో అడుగు. పరుగెత్తుకు వస్తోంది.

పిన్ని నడుస్తూనే చూసింది. అది తన దగ్గరికే వస్తోంది. ఇన్నాళ్లు కోరుకున్నది ఇదే కదా, మరి ఎందుకింత భయం? “రాకు!” అని అరవాలనిపించింది. అరిస్తే అదిలించినట్టవుతుంది. పెట్టె ఒడ్డున నోరు తెరుచుకుని ఉంది. “రాకమ్మా, రాకు నా తల్లీ,” అని లోపలే దండం పెట్టుకుంటూ, పైకి మాత్రం పళ్ల బిగువున, “ఇవాళ ఎండ బాగానే కాసేట్టుంది,” అంటూ ఇంకో అడుగు వేసింది.

చిట్టి రెక్కలు విప్పింది. గాలి పిన్ని వైపునుంచి వీస్తోంది. కొంగ అంత ఒళ్లు గాల్లోకి లేవాలంటే గాలికి ఎదురు పరుగెత్తక తప్పదు. నీళ్లు చిమ్ముతూ మరో మూడడుగులు ఏటవాలుగా పరుగెత్తి, కాళ్లు పైకి తీసుకుని లేచింది. జమ్ము మీదుగా ఒక పక్కకి వాలి, పిన్నికి వీలైనంత దూరంగా చుట్టు తిరిగి, గొంతెత్తి కూసింది. మనిషొస్తున్నాడు, లేవండి, అని చెప్పే కూత అది. గుంపు గుంపంతా లేచింది. రెక్కల చప్పుడుకి మడుగు మీద నీళ్లు వణికాయి. అన్నిటికన్నా ముందు చిట్టి ఉంది.

పిన్ని నడుముదాకా తడిసి నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. ఇప్పుడు ఎవరేమంటారు? “పో! పోవే నా బంగారం! మనిషి మొహం చూడకు! ఇంకా పైకి! ఇంకా!” అని అరిచింది. వెనక్కి తిరిగి బురదలో పడుతూ లేస్తూ ఒడ్డుకి పరుగెత్తింది. డాక్టరమ్మ ఎదురు పరుగెత్తుకొచ్చి ఆ బురద మనిషిని వాటేసుకుంది. బాబాయి వెళ్లి, ఆ పెట్టె తలుపు మూసి, దాన్ని తిరగేసి, దాని మీద కూర్చున్నాడు.

పిన్ని ఇంటికి బస్సెక్కలేదు. వీధులన్నీ తిరుగుతూ నడుచుకుంటూ వచ్చింది, కనిపించిన ప్రతి మనిషినీ ఆపి చెబుతూ. “పారిపోయిందండీ! నన్ను చూసి పారిపోయింది!”

“ఎవరు పిన్నీ? బాబాయా?” అని ఆదుర్దాగా అడిగింది పళ్లబండి ఆవిడ.

“ఛీ, ఆయన వెనకాలే వస్తున్నాడు చూడు. చిట్టి! మా చిట్టి! ఒక్క చూపు చూసి లేచిపోయింది. గుంపంతటినీ తనే లేపింది!”

దుకాణంలో అత్తగారు కాజా కుడుతోంది. కోడలి బట్టల బురదా, మొహంలో వెలుగూ చూసి ఏం జరిగిందో చెప్పకుండానే తెలుసుకుంది. అయినా ఊరుకుంటుందా?

“నీ నోరు విని పారిపోవాలని దానికి పుట్టిన ఏడాదే తెలిసింది. నా కొడుక్కి ఇన్నేళ్లొచ్చినా తెలియలేదు.”

పిన్ని పగలబడి నవ్వింది. నవ్వుతూనే స్టూలు పక్కన నేల మీద కూలబడి అత్తగారి ఒళ్లో తల పెట్టింది. గుండీలు చెల్లాచెదురయ్యాయి. ఆ తల మీద చెయ్యి వేసి అత్తగారు సూది పక్కన పెట్టింది.

“దానికి నేనెవరో తెలియలేదు అత్తయ్యా,” అంది పిన్ని. “ఎవరో మనిషి అనుకుంది.”

“మరింకేం కావాలే నీకు,” అంది అత్తగారు.